చెవిబండ

ఆ ఏడు ఉగాది వెళ్లిన ఆరో రోజున మా అత్తా నేనూ ఊట తీశాం.

ఊట తీయడమంటే దాని ఒళ్లు కడగడం. మా గుట్ట కడుపులో ఒక పెద్ద బండ ముందుకు పొడుచుకు వచ్చి ఉండేది. దాని పెదవి కింది నుంచి చిటికెన వేలంత లావున నీళ్లు కారి, ఎవరో తాతల నాడు తొలిచిన రాతి తొట్టిలో పడేవి. ఏడాదికి రెండుసార్లు, ఉగాది వెళ్లాక ఒకసారి, మృగశిర కార్తె మొదలయ్యే మిరుగు నాడు ఒకసారి, ఆ తొట్టిలోని నీళ్లన్నీ కొబ్బరి చిప్పతో తోడి బర్రెల కుంటలోకి వదిలేవాళ్లం. అడుగున పేరుకున్న బురద గీకి, పీచుతో తోమి, కొత్త ఇసుక, కడిగిన గులకరాళ్లు పరిచేవాళ్లం.

అదంతా అయ్యాక మా అత్త బుచ్చమ్మ పసుపు డబ్బా చంకన పెట్టుకుని గుట్ట పైకి ఎక్కిపోయేది. పైన రెండు బండల నడుమ ఒక సన్నని నెర్ర ఉంది. దాని అడుగున ఎండాకాలంలో కూడా తడి పారుతూ ఉంటుంది. ఆ నెర్రలో గుప్పెడు పసుపు వేసి, ముంతెడు నీళ్లు పోసి, గట్టిగా కూత పెట్టేది. ఆ కూత వినగానే నేను కింద పొయ్యి మీది ఎసట్లో బియ్యం పోయాలి. బువ్వ ఉడికేలోపు తొట్టిలోకి పసుపు దిగితే ఆ ఎండాకాలం గట్టెక్కినట్టు. బువ్వ వార్చాక కూడా రాకపోతే ఒక బర్రెను అమ్ముకోవాలి. రెండో కుండ దాకా ఆగితే రెండు బర్రెలు. మేం పంచాంగం చూసిన వాళ్లం కాదు. మా ఇంట్లో పంచాంగం అదే.

అది ఎనభై ఆరు. అంతకు ముందు రెండేళ్లూ వానలు సరిగా లేవు. ఆ రోజు బువ్వ వార్చి, గంజి చల్లారాక గానీ పసుపు రాలేదు. మా అత్త పైనుంచి దిగి వచ్చి, తొట్టిలో తేలుతున్న పసుపు నీళ్లు దోసిట్లోకి తీసుకుని కళ్లకద్దుకుంది.

"తల్లి ముఖం కడుక్కున్నది. లేటుగ లేసింది గని లేసింది," అని, మూడు బర్రెల్లో ఒట్టిపోయినదాన్ని ఆ వారమే అమ్మేసింది.

మా ఇల్లు షేక్‌పేటకు పైన, గుట్ట వెనక వైపున ఉండేది. రెండు రాతి గదులు, గూన పెంకులు. ఇటు జూబ్లీ హిల్స్ వైపు అక్కడొక బంగళా, ఇక్కడొక బంగళా లేస్తున్నాయి గానీ, కరెంటు తీగ పెద్ద రోడ్డు దగ్గరే ఆగిపోయింది. నల్లా మా దాకా రాలేదు. దీపానికి కిరసనాయిలు, నీళ్లకు ఊట. తాగే నీళ్లు ముందు, వంట నీళ్లు తర్వాత, బర్రెల కుడితి ఆ తర్వాత. స్నానాలూ బట్టలూ నలభై అడుగులు కిందకు పోయి చేసుకోవాలి. అక్కడ పారిన నీళ్లతో బీరపాదూ కరివేపచెట్టూ బతికేవి. పొద్దున తోడిన మొదటి చిప్ప మాత్రం పక్క బండ మీది గుంటలో పిట్టలకు పోయాలి. ఇవన్నీ నా పెళ్లైన మర్నాడే మా అత్త నాకు చెప్పిన మాటలు.

నా భర్త పోయి అప్పటికి మూడేళ్లు. నాకు పిల్లల్లేరు. గుట్ట కాగితం మరిది బాలనర్సయ్య పేరు మీదికి పోయింది. అతను షేక్‌పేటలో ఇల్లు కట్టుకుని లారీ నడిపేవాడు. పండగ పండగకూ వచ్చి తల్లిని తన ఇంటికి రమ్మనేవాడు. తల్లిని మాత్రమే. గుట్ట ఎవరికైనా ఇచ్చేద్దామని అతని ఆలోచన. అతను అడిగిన ప్రతిసారీ మా అత్తది ఒకే జవాబు.

"ఊట ఉన్నన్నాళ్లు నేను గుట్ట దిగ. నేను దిగనన్నాళ్లు నా కోడలు గీడనే ఉంటది. నువ్వు ఫికర్ జేయకు."

నేను ఆ మాట పట్టుకుని బతికాను.

అంతకు ముందు చలికాలంలోనే మా పక్క స్థలంలో ఇల్లు లేచింది. కొన్న ఆయన వీరరాఘవయ్య గారు, ఒక సినిమా కంపెనీలో ప్రొడక్షన్ మేనేజరు. మద్రాసు నుంచి సినిమా వాళ్లు ఒక్కొక్కరే ఇటు వస్తున్న రోజులు. ఏ ఊరి వాళ్లైనా సరే, మా అత్తకు వాళ్లందరూ మద్రాసోళ్లే. రాఘవయ్య గారు ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ, తెల్ల పంచె తప్ప వేరే బట్ట కట్టేవారు కాదు. ఆ రాళ్లలో, ఆ దుమ్ములో ఆయన తెలుపు అంత దూరం నుంచీ కనిపించేది. ఇంటికి గోడలు లేచాయి, కప్పు పడింది, నీళ్లే పడలేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగే ఒకాయన వచ్చి చోటు చూపిస్తే రెండు బోర్లు వేయించారు. రెండిట్లోనూ తెల్ల దుమ్ము తప్ప ఏమీ రాలేదు.

మా అత్త గుట్ట మీద నిలబడి చూసి, "కాయ లేసి నిలవడ్డది గని నీళ్లు లేవలే," అంది.

రెండో బోరు ఎండిన మర్నాడు ఆయన భార్య సత్యలక్ష్మి గారు ఎర్ర ప్లాస్టిక్ బిందె పట్టుకుని మా ఊట దగ్గరకు వచ్చారు. నున్నటి రాళ్ల మీద చెప్పులు జారుతుంటే, చెప్పులు విడిచి చేత పట్టుకున్నారు. ఒక బిందె నీళ్లు ఇప్పిస్తారా అండీ, అని నన్నడిగారు. నా బతుకులో నన్ను 'అండీ' అన్న మొదటి మనిషి ఆమె.

"నీళ్లకు అడుగుడేంది," అంది మా అత్త. "తోడుకో. గని బిందె ముంచకు, చిప్పతోని తోడు. గదేం బిందె తల్లీ, జర గాలొస్తే ఎగిరిపోయేటట్టున్నది."

ఆమె నవ్వారు. ఆ నవ్వు మా అత్తకు నచ్చింది.

అప్పట్నుంచి రోజూ వచ్చేవారు. మా కట్టుబాట్లన్నీ మాకంటే శ్రద్ధగా పాటించేవారు. పిట్టల గుంటలో మొదటి చిప్ప ఎవరు పోయాలని మేమిద్దరం పోటీ పడేవాళ్లం. నీళ్లు కాస్త మడ్డిగా ఉన్న రోజున చిల్లగింజను బిందె లోపల అరగదీస్తే మట్టి అడుక్కి దిగుతుందని నేను చూపించాను. అది చూసి ఆమె చిన్నపిల్లలా సంబరపడ్డారు. పది రోజులకు 'అండీ' పోయి నేను కొమురమ్మనయ్యాను. ఆమె నాకు అక్క అయింది. నాకంటే ఆరేళ్లు పెద్ద. ఏలూరు వైపు అమ్మాయి. పెళ్లయ్యాక పదిహేనేళ్లు మద్రాసులో అద్దె ఇళ్లలో ఉందట. సొంత ఇల్లు ఇదే మొదలని, ఇది నిలవకపోతే తనకు మళ్లీ ఇల్లు రాదని చెప్పేది.

బిందె నిండేలోపు ఆమె బండ నీడన కూర్చుని వారపత్రిక చదువుకునేది. ఒకరోజు ఆ కాగితంలో ఏముందని అడిగాను. ఆమె చదివి వినిపించింది. వింటూ నేను కాగితం వైపు చూస్తున్న తీరు గమనించిందేమో, చటుక్కున తొట్టిలో వేలు ముంచి బండ మీద నా పేరు రాసింది. ఎండకు కాగిన బండ అది. నాలుగో అక్షరం రాసేసరికి మొదటిది ఆరిపోయింది.

"మొదటి అక్షరం ఆరేలోపు ఆఖరి అక్షరం రాశావనుకో, ఆ పేరు నీకు వచ్చేసినట్టే," అంది.

అలా మొదలైంది. పలక లేదు, బలపం లేదు. నీళ్లూ వేలూ బండా. రోజుకు మూడు అక్షరాలు. బర్రెలను కుంటలో విడిచి నేను గంటల తరబడి బండ మీద వంగి ఉండేదాన్ని. మా అత్త దూరం నుంచి చూసేది. ఏమీ అనలేదు. ఒక సాయంత్రం పాలు పిండుతూ మాత్రం ఒక మాట అంది.

"సదువు ఊకె తీసుకోవద్దు బిడ్డా. ఆమెకు ఏమన్న ఇయ్యి."

మర్నాడు గిన్నెడు గడ్డ పెరుగు తీసుకుపోయాను. అక్క తీసుకుని, మళ్లీ ఇలాంటివి చేస్తే పాఠం మానేస్తానంది. నీళ్లిస్తున్నావుగా, అంతకంటే ఏం కావాలంది. కానీ నీళ్లు ఇవ్వడం ఇవ్వడం కాదు. దారిన పోయే వాళ్లకూ ఇచ్చేవాళ్లం. నాదంటూ ఏముంది ఇవ్వడానికని లెక్క చూసుకున్నాను. బర్రెలు మా అత్తవి. ఇల్లూ గుట్టా మరిదివి. మెడలో పుస్తెలు లేవు. ఒక్కటి మాత్రం నాది ఉంది. అది చెవిబండ.

పైన నెర్రకూ కింద ఊటకూ నడుమ, దారికి పక్కగా, పడుకున్న బర్రె వీపులాంటి బండ ఒకటి ఉంది. తెల్లవారుజామున గాలి లేనప్పుడు దాని మీద చెవి ఆనిస్తే లోపల నీళ్లు నడుస్తున్న చప్పుడు వినిపిస్తుంది. నా భర్త పోయిన పదకొండో నాడు మా అత్త నన్ను అక్కడికి తీసుకుపోయి చెవి పెట్టించింది. తనకు తన అత్త చూపించిందట. కొడుకులిద్దరికీ చెప్పలేదు. మగవాళ్లకు తెలిస్తే తవ్వుతారు అంది. తల్లి నడుము మీద ఎవరైనా గునపం వేస్తారా అంది. తర్వాత సర్వే వాళ్లు వచ్చి కంచె వేసినప్పుడు ఆ బండ పక్క స్థలంలోకి పోయింది. అప్పుడు కూడా మా అత్త బెంగపడలేదు. వాళ్లు బండను కొన్నారు, దాని కింద ఏమున్నదో వాళ్లకేం తెలుసు అనేది.

చైత్రం చివర్లో ఒక మధ్యాహ్నం నేను నా భర్త పేరు రాశాను. మా వాళ్లలో ఆడవాళ్లు భర్త పేరు నోటితో అనరు. బతికున్నప్పుడూ అనరు, పోయాకా అనరు. ఎవరైనా అడిగితే పక్కవాళ్ల చేత చెప్పిస్తారు. పదమూడేళ్ల కాపురంలోనూ, ఆ తర్వాత మూడేళ్లలోనూ నేను ఆ పేరు ఒక్కసారీ పలకలేదు. ఆ రోజు తడి వేలితో పోచయ్య అని రాశాను. రాసి, నోరు మూసుకుని చూస్తూ కూర్చున్నాను. అక్కకు అర్థమైంది. అది పూర్తిగా ఆరిపోయేదాకా తనూ మాట్లాడలేదు. ఆరిన చోట తన అరచేయి పెట్టి, ఇంకోసారి రాయమంది.

మర్నాడు తెల్లవారకముందే నేనే వాళ్ల కంచె దాటి వెళ్లి ఆమెను పిలిచాను. చెవిబండ దగ్గరకు తీసుకుపోయాను. ఎలా వినాలో చూపించాను. ఆమె కుడి చెవి కమ్మ తీసి గుప్పిట్లో పెట్టుకుని, బండ మీద చెంప ఆనించింది. చాలాసేపు లేవలేదు.

"లోపల ఎవరో గాజులు వేసుకుని నడుస్తున్నట్టుంది కొమురమ్మా," అంది లేచాక. కళ్లు తడిగా ఉన్నాయి.

ఇది మా అత్త, నేను, ఇప్పుడు నువ్వు తప్ప ఎవరికీ తెలియదక్కా అన్నాను. బావగారికి కూడా చెప్పొద్దన్నాను.

"నా చెవిలో పడింది. నా నోటి నుంచి రాదు," అంది. కమ్మ పెట్టుకుంటూ అంది. నాకు ఇప్పటికీ ఆ కమ్మే గుర్తొస్తుంది. ముత్యం కమ్మ.

ఐదో రోజున బోరు లారీ వచ్చింది.

ఈసారి కొబ్బరికాయ ఆయన రాలేదు. రాఘవయ్య గారే సున్నం ముద్దతో నేల మీద గుర్తు పెట్టారు. చెవిబండను ఆనుకుని, దిగువ పక్కన. నేను బర్రెకు గడ్డి వేస్తూ అది చూశాను. చేతిలో గడ్డి చేతిలోనే ఉండిపోయింది. అక్క వాళ్ల అరుగు మీద నిలబడి ఉంది. నేను చూస్తున్నానని ఆమెకు తెలుసు. కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. అప్పటికింకా దుమ్ము లేవలేదు.

మా అత్త నా పక్కకు వచ్చి నిలబడింది.

"కొబ్బరికాయాయనకు ఇప్పుడు కండ్లు తెరుసుకున్నట్టున్నయి," అంది.

నేను అవునన్నాను. ఆ ఒక్క మాటా అనకుండా ఉంటే, అప్పుడే కాళ్ల మీద పడి చెప్పి ఉంటే, ఏమయ్యేదో నాకు తెలియదు.

మధ్యాహ్నం దాకా తెల్ల దుమ్ము వచ్చింది. తర్వాత నల్ల మట్టి. తర్వాత ఒక్కసారిగా మనిషి ఎత్తున నీళ్లు లేచాయి. పనివాళ్లు ఈలలు వేశారు. రాఘవయ్య గారు ఆ తెల్ల బట్టలతోనే తడిశారు. సాయంత్రం వాళ్ల పనిమనిషి మా ఇంటికి కొబ్బరిచిప్ప, బెల్లం తెచ్చిచ్చింది. మా అత్త కళ్లకద్దుకుని తింది. మంచిదే, పాపం, వాళ్లకూ నీళ్లు పడ్డాయి అంది.

మర్నాడు అక్క ఊట దగ్గరకు రాలేదు. ఆ పై రోజూ రాలేదు. నా అక్షరాలు సగంలో ఆగిపోయాయి. మిగతా సగం నేను పదేళ్ల తర్వాత వెంగళరావు నగర్‌లో ఇళ్లలో పనిచేస్తున్నప్పుడు, అక్కడి మహిళా మండలి వాళ్లు పెట్టిన బడిలో నేర్చుకున్నాను. నీకు సగం ముందే వచ్చుగా, ఎవరు నేర్పారమ్మా అని అక్కడి టీచరమ్మ అడిగింది. ఎవరూ లేదన్నాను.

డీజిల్ ఇంజను బిగించారు. అది పొద్దుననగా మొదలయ్యేది. మా బండలన్నీ దాని చప్పుడుకు అదిరేవి. వారం తిరిగేసరికి ఊట చిటికెన వేలు నుంచి దారమైంది. పదిహేను రోజులకు దారం తెగి చుక్కలైంది. ఒక్కో చుక్కకూ నడుమ ఊపిరి పట్టుకుని కూర్చునేదాన్ని. తొట్టి నిండటానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టేది. బీరపాదు మాడిపోయింది. పిట్టల గుంటకు మాత్రం మా అత్త మొదటి చిప్ప ఆపలేదు.

బర్రెలు అరవడం మొదలుపెట్టాక నేను రెండు బిందెలు తీసుకుని వాళ్ల గేటు దగ్గరకు పోయాను. మా అత్త రాలేదు, రానంది. గేటుకు కొత్తగా వాచ్‌మన్‌ను పెట్టారు. ఇంజను ఆడుతున్నప్పుడే రావాలని, అదీ షూటింగు డ్రమ్ములు నిండిన తర్వాతేనని చెప్పాడు. లోపల జీపు వెనక నీలం డ్రమ్ములు వరసగా ఉన్నాయి. వాళ్ల కంపెనీ షూటింగు ఎక్కడైతే అక్కడికి ఆ నీళ్లు పోతున్నాయి. ఎండలో అరగంట నిలబడ్డాక అక్క బయటికి వచ్చింది. నన్ను చూసి ఒక అడుగు ఆగి, మళ్లీ నడిచి వచ్చింది.

"లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డావేం కొమురమ్మా? ఎవరు కాదన్నారు? ఎన్ని బిందెలు కావాలంటే అన్ని పట్టుకెళ్లు."

"ఎందుకు చెప్పినవక్కా?" అన్నాను.

ఆమె వాచ్‌మన్ వైపు చూసింది. అతను పక్కకు పోయేదాకా ఆగింది.

"మూడో బోరు కూడా పోతే ఇల్లు అమ్మేసి మద్రాసు వెళ్లిపోదాం అన్నారు ఆయన. బేరం కూడా మాట్లాడారు. నేనేం చెయ్యను, చెప్పు. అయినా నీళ్లు నీవీ నావీ ఏంటి? భూమిలోవి. మీ అత్తగారే అనేవారుగా, నీళ్లకు అడుగుడేంది అని."

మా అత్త మాటను ఆమె మా యాసలోనే అంది. మునుపు అలా అంటే ఇద్దరం నవ్వుకునేవాళ్లం. నేను బిందెలు పైపు కింద పెట్టాను. అవి నిండేదాకా ఆమె నా పక్కనే నిలబడింది. నేను తలెత్తలేదు. ఆ నీళ్లు ఇంటికి మోసుకొచ్చి బర్రెలకు పోశాను. నేను తాగలేదు. మిగిలిన ఎండాకాలమంతా ఆ చుక్కల నీళ్లే తాగాం మా అత్తా నేనూ. చుక్క చుక్కా పట్టి, చిల్లగింజ అరగదీసి.

మిరుగు వచ్చింది. మబ్బు పట్టింది గానీ వాన పడలేదు. బాలనర్సయ్య రెండుసార్లు వచ్చి, ఇంకా ఏం చూసుకుని ఇక్కడ కూర్చున్నావని తల్లిని అడిగి పోయాడు. మా అత్త మిరుగు దాకా ఆగమంది. ఊట బతికుందో లేదో ఆ రోజు తెలుస్తుంది అంది.

ఆ పొద్దున ఊట తీయడానికి ఏమీ లేదు. తొట్టి అడుగు గీకి, ఇసుక మార్చాం. మా అత్త ఈసారి గుప్పెడు తీసుకోలేదు. పసుపు డబ్బా మొత్తం పట్టుకుపోయింది. నిన్నటి నుంచి పోగుచేసిన నీళ్లు కడవలో నేను వెనక మోసుకుపోయి నెర్ర దగ్గర దించి వచ్చాను. కింద కూర్చున్నాక ఆమె కూత వినబడింది. గొంతు జీరపోయింది. నేను ఎసట్లో బియ్యం పోశాను.

బువ్వ ఉడికింది. వార్చాను. రాలేదు. రెండో కుండ ఎక్కించాను. మా అత్త దిగి వచ్చి నా పక్కన కూర్చుంది. ఇద్దరం బండ పెదవి కిందే చూస్తున్నాం. చుక్క పడుతోంది, తెల్లగా పడుతోంది. రెండో కుండ కూడా దించాను. మా ఇంట్లో మూడో కుండ ఎవరూ ఎన్నడూ పెట్టలేదు. మా అత్త పెట్టమంది.

అది పొంగుకు వచ్చే వేళకు రాళ్ల మీద అడుగుల చప్పుడైంది. సత్యలక్ష్మి. నెల తర్వాత మా ఊట దగ్గరకు రావడం అదే. ఒక చేతిలో ఇనప బకెట్టు, ఇంకో చేతి మీద తడి లాల్చీ. ఆయాసపడుతోంది.

"పెద్దమ్మా, ఇది చూడండి. మా బోరు నీళ్లు రంగు మారిపోయాయి. ఆయన బట్టలన్నీ పాడయ్యాయి. షూటింగుకు పంపిన డ్రమ్ములు వెనక్కి పంపించేశారు. మీకేమైనా తెలుసా?"

బకెట్టు మా ముందు పెట్టింది. నీళ్లు లేత పసుపుగా ఉన్నాయి. లాల్చీ మొత్తం పసుపు మరకలు, పెళ్లికొడుకు బట్టల్లా.

మా అత్త లేవలేదు. కూర్చున్న చోటు నుంచే ముందుకు వంగి బకెట్లో చెయ్యి పెట్టింది. వాసన చూసుకుంది. తర్వాత ఎప్పటిలాగే దోసిట్లోకి తీసుకుని కళ్లకద్దుకుంది.

"వచ్చింది కోడలా," అంది నాతో. "తల్లి బతికే ఉన్నది. ఇల్లు మారింది, గంతే."

సత్యలక్ష్మికి అప్పుడు అర్థమైంది. ఆమె ముఖం కందిపోయింది. ఎవరూ ఏమీ అనకపోవడమే ఆమె ఓర్చుకోలేకపోయిందేమో.

"నేనేం దొంగతనం చెయ్యలేదు పెద్దమ్మా," అంది. "వెతుక్కుంటూ రాలేదు. కొమురమ్మే తెల్లారుజామున వచ్చి లేపి, తీసుకెళ్లి చూపించింది."

మూడో కుండ పొంగి పొయ్యిలో పడింది. నిప్పు చల్లారిన చప్పుడైంది. మా అత్త నా వైపు తిరగలేదు. బకెట్టు ఎత్తి, అందులోని నీళ్లన్నీ మెల్లగా మా తొట్టిలో పోసింది. ఖాళీ బకెట్టును కొంగుతో తుడిచి సత్యలక్ష్మి చేతికిచ్చింది.

"పో బిడ్డా. రేపటికి తెల్లగ వస్తయి."

ఆమె పోయాక నేను మా అత్త కాళ్ల దగ్గర కూర్చున్నాను. చదువు ఊరికే తీసుకోవద్దన్నావు గదా అందామనుకున్నాను. అనలేదు. ఆమె కూడా ఏమీ అడగలేదు. ఆ రోజూ, ఆ తర్వాతి మూడు రోజులూ పనికి అవసరమైన మాటలే మాట్లాడింది. తాడు తే, దూడను కట్టెయ్. అన్నం నేను పెడితే తినేది. మునుపటిలా నా ముద్ద కూడా కలిపి పెట్టేది కాదు.

నాలుగో రోజున కొన్నవాళ్లు బర్రెలను తోలుకుపోయారు. ఐదో రోజున బాలనర్సయ్య లారీ గుట్ట కింద ఆగింది. సామానంటూ పెద్దగా లేదు. ఒక సందూక పెట్టె, రెండు గంగాళాలు, మంచం. నేనే అన్నీ కిందకు మోశాను. మా అత్త డ్రైవరు పక్క సీటు దగ్గర నిలబడి ఉంది. బాలనర్సయ్య నా వైపు చూశాడు. చెడ్డవాడు కాదు అతను.

"వదిననేం జేద్దమే అమ్మా?" అన్నాడు.

మా అత్త లారీ మెట్టు మీద కాలు పెట్టి, రోడ్డు వైపే చూస్తూ చెప్పింది.

"ఆమెకు అక్క ఉన్నది గద. ఆడికి పోతది."

బాలనర్సయ్య స్టీరింగు ముందుకు ఎక్కాడు. లారీ కదిలింది. నేను మళ్లీ గుట్ట ఎక్కి ఇంటి ముందు నిలబడ్డాను. మరునాడు నేను కూడా ఆ ఇల్లు వదిలాను. అక్క ఇంటి వైపు పోలేదు. అయినా అది ఇప్పుడు చెప్పాల్సిన కథ కాదు.

లారీ రాఘవయ్య గారి గేటు ముందుకు పోగానే ఆగింది. ఏదైనా మరిచిపోయారేమో అనుకున్నాను. మా అత్త దిగింది. వాచ్‌మన్‌తో ఏదో మాట్లాడింది. అతను గేటు తీశాడు. అప్పుడు ఇంజను ఆడటం లేదు. ఆ నెల రోజుల్లో గుట్ట అంత నిశ్శబ్దంగా ఉండగా నేను చూడలేదు. ఆమె సత్యలక్ష్మి నిలబడ్డ అరుగు వైపు చూడకుండా, బోరు పైపును దాటి, నేరుగా చెవిబండ దగ్గరకు నడిచింది. మోకాళ్లు పట్టుకుని మెల్లగా వంగి, బండ మీద చెంప ఆనించింది.

చాలాసేపు అలాగే ఉంది. బాలనర్సయ్య ఒకసారి హారన్ కొట్టి మానుకున్నాడు. అరుగు మీద సత్యలక్ష్మి, గుట్ట మీద నేను, ఇద్దరం ఆమెనే చూస్తున్నాం. ఆమె లేచింది. గుట్ట వైపు తల తిప్పలేదు. వచ్చిన దారినే నడిచిపోయి లారీ ఎక్కింది. ఆమెకు లోపల ఏమైనా వినబడిందో లేదో నేను ఎన్నడూ అడగలేకపోయాను. మళ్లీ ఆమె నాతో మాట్లాడలేదు. లారీ మలుపు తిరిగేదాకా కిటికీలో ఆ చెంప కనిపిస్తూనే ఉంది. దాని మీద బోరు దుమ్ము తెల్లగా అంటుకుని ఉంది. ఆమె దాన్ని తుడుచుకోలేదు.